అమ్మ అడిగింది నీళ్ళు

మా అమ్మ చనిపోయి ఏడేళ్ళయింది. పోయిన గురువారం ఆవిడ మూడు వందల మంది ఎదుట నన్ను క్షమించింది.

క్షమించిందని చెప్పినవారు నాన్నగారు. ఆయన నా సొంత నాన్న కాదు. ఆ నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. సన్నిధిలో చేరిన వాళ్ళందరికీ అక్కడి పెద్దాయనే నాన్నగారు. ఎనభై ఏళ్ళ ముసలమ్మ కూడా ఆయన్ని ‘నాన్నగారూ’ అనే పిలుస్తుంది. ఆయనకు చూస్తే అరవై కూడా నిండలేదు. చేరిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది, ఆ తర్వాత రోజుకోసారైనా ఆ మాట అనకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ప్రతి గురువారం సాయంత్రం ఐదింటికి అందరం సన్నిధిలో కూర్చుంటాం. ఒకప్పుడు అది కుర్చీల గోదాము. పైన రేకులు, కింద గచ్చు, వరసల్లో మడత కుర్చీలు. నాన్నగారు కూడా మాలాగే మడత కుర్చీలోనే కూర్చుంటారు. పది నిమిషాలు కళ్ళు మూసుకుంటారు. హాల్లో ఎవరూ దగ్గు కూడా దగ్గరు. అప్పుడు ఒకరిని లేపుతారు. లేచినవారి గురించి ఆయనకు ఏదో ఒకటి కనబడుతుంది.

“మిషనమ్మా, లే తల్లీ” అన్నారు.

నేను బట్టలు కుడతాను కాబట్టి అక్కడ నా పేరు మిషనమ్మ. ఏడేళ్ళలో నన్ను లేపడం అదే మొదటిసారి. లేచి నిలబడ్డాను.

“మీ అమ్మ నా పక్కనే ఉంది. చేతిలో పాలగ్లాసు ఉంది. నువ్వు కాచి తెచ్చేసరికి ఆలస్యమైంది కదూ? ఆ పాలు తనకి అందాయని చెప్పమంటోంది. బిడ్డ మీద ఏ కోపమూ లేదంటోంది.”

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. వెనక ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. పక్కన కూర్చున్న బేకరీ అక్క నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నేనూ ఏడ్చాను. అందరూ అది సంతోషమే అనుకున్నారు.

మా అమ్మ పాలు అడగలేదు. నీళ్ళు అడిగింది.

ఆ రోజు ఇంట్లో పాలే లేవు. ముందుగదిలో నా మిషను, వెనకగదిలో అమ్మ మంచం, మధ్యలో ఒక పరదా. మధ్యాహ్నం “అమ్మాయ్, కాసిని నీళ్ళియ్యవే” అంది. “ఒక్క నిమిషం” అన్నాను. ఒక కోటు చేతిని భుజానికి అతుకుతున్నాను. ఆ కుట్టు సగంలో ఆపితే గుడ్డ ముడతపడుతుంది, మళ్ళీ విప్పి మొదలుపెట్టాలి. రెండోసారి పిలిచింది. “వస్తున్నానన్నానుగా!” అని కసిరాను. కుట్టు పూర్తి చేశాను, దారం కత్తిరించాను, కోటు విదిలించి ఎత్తిపట్టి చూసుకున్నాను కూడా. ఆ తర్వాత గ్లాసుతో నీళ్ళు తీసుకుని పరదా తీశాను. అప్పటికే ఆవిడ లేదు. ఆవిడ చెవిన పడ్డ ఆఖరి మాట ఆ కసురే.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పాల కథ మాత్రం ఒకే ఒక్క మనిషికి చెప్పాను. ఆ మనిషే గురువారం నా పక్కన కూర్చుని నా చెయ్యి నొక్కింది.

బేకరీ అక్క నాకు మొదట గిరాకీగానే తెలుసు. బ్రెడ్లు ప్యాక్ చేసే చోట పని. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ పిండి ఉండేది. ఏడేళ్ళ కొడుకు స్కూలు నుంచి వస్తూ లారీ కింద పడ్డాడట. ఆ తర్వాత మొగుడు మాటా పలుకూ లేకుండా ఎటో వెళ్ళిపోయాడట. అమ్మ పోయిన రోజు సాయంత్రం ఆమె కుట్టడానికిచ్చిన బట్టల కోసం వచ్చింది. నేను మంచం పక్కన కొయ్యబొమ్మలా కూర్చుని ఉన్నాను. చెప్పులు విప్పేసి లోపలికొచ్చి, అమ్మ కళ్ళు మూసి, దుప్పటి సరిచేసి, ఆ తర్వాత నన్ను అడిగింది: “ఏమైందమ్మా?”

“పాలడిగిందక్కా. కాచి తెచ్చేలోగా…” అన్నాను.

ఎందుకలా అన్నానంటే ఏం చెప్పను? నోట్లోంచి వచ్చేసింది. పాలు కాస్తున్న కూతురు మంచి కూతురిలా ఉంటుంది. గంటలో ఆమె ఎనిమిదిమందిని తీసుకొచ్చింది. వాళ్ళెవరో నాకు తెలియదు, మా అమ్మ ఎవరో వాళ్ళకి తెలియదు. అయినా అంత్యక్రియలు వాళ్ళే దగ్గరుండి చేశారు. మూడు రోజులు ఇద్దరిద్దరు చొప్పున నా దగ్గర పడుకున్నారు. నా ఇద్దరు బాబాయిలూ ఫోన్లో “అయ్యో” అన్నారు. ఆ రెండు అయ్యోలూ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

అలా సన్నిధిలో చేరాను. చేరిన ప్రతివాళ్ళకీ ఒక జంటను ఇస్తారు. నా జంట బేకరీ అక్కే. మంగళవారం మంగళవారం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, ఆ వారం మనసులో ఉన్న బరువంతా చెప్పుకోవాలి. విన్నవాళ్ళు చెప్పినవాళ్ళ తరఫున ఒక క్షేమ చీటీ రాయాలి. అరచేతంత కాగితం. ఎవరికి, ఏం కావాలి, ఎప్పటికి కావాలి. మొదటి రోజే చెబుతారు: అవసరం రాయాలి, రహస్యం రాయకూడదు. బుధవారం మధ్యాహ్నానికి చీటీలన్నీ ఆఫీసు గదిలో డబ్బాలో పడాలి. శుక్రవారం తెల్లారేసరికి ఎవరో ఒకరు తలుపు కొడతారు.

ఇందులో మోసమేమీ లేదు. ఎవరేమన్నా నేను ఒప్పుకోను. నా మిషను మోటారు కాలిపోతే మూడో రోజుకల్లా ఒక ఎలక్ట్రీషియన్ సంచీతో వచ్చి బాగుచేసి వెళ్ళాడు. ఇంటి కప్పు కారితే మేస్త్రీ వచ్చాడు. నేను కూడా మొహం చూడని పిల్లలకి ఎన్ని స్కూలు బట్టలు కుట్టానో లెక్కలేదు. ఏ చీటీ ఎవరిదని ఎవరూ అడగరు. పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియని ఈ కాలంలో, జ్వరమొస్తే కబురు చేయకుండానే ఇంటికొచ్చే మనుషులున్నారంటే అది చిన్న విషయమా? నా గుండె అక్కడే చిక్కుకుంది.

పాల కథ మాత్రం మంగళవారాల్లో పెరుగుతూ పోయింది. చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు. రెండో ఏడాదికి అందులోకి ఒక గిన్నె వచ్చింది. మూడో ఏడాదికి పాలు పొంగాయి. నాలుగో ఏడాది నేను పొయ్యి తుడుస్తూ కూడా కొంచెం ఆలస్యం చేశాను. బేకరీ అక్క ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే విని, నా మణికట్టు నిమిరేది. ఈ ఏడాది అమ్మ పోయిన రోజు మంగళవారమే పడింది. ఆ రోజు నేను మరీ ఎక్కువగా ఏడ్చాను. “ఆవిడ ఒక్కసారి పర్లేదు అంటే చాలు అక్కా, ఇంకేమీ వద్దు” అన్నాను. ఆ తర్వాత రెండు రోజులకే నన్ను లేపారు.

గురువారం ఇంటికెళ్ళి మిషను మీద గుడ్డ కప్పేశాను. శుక్ర, శని, ఆదివారాలు ఒక్క కుట్టు పడలేదు.

నాన్నగారి తరఫున నేనే వాదించుకున్నాను. అమ్మ నిజంగానే వచ్చిందేమో, పైకి వెళ్ళాక ఏం అడిగిందో మరిచిపోయిందేమో. పోనీ నా పరువు కాపాడటానికి నా అబద్ధానికే వత్తాసు పలికిందేమో. బతికున్నప్పుడు కూడా పక్కింటివాళ్ళ ముందు అచ్చం అలాగే చేసేది, లోపలికొచ్చాక తిట్టేది. ఇది తలచుకుని నాలో నేను నవ్వుకున్నాను కూడా. కానీ మనసుకి తెలుసు. ఆయన నోట ‘నీళ్ళు’ అని వచ్చి ఉంటే నేను ఆ గచ్చు మీద సాష్టాంగపడేదాన్ని. చచ్చేదాకా ఆ మనిషి చెప్పింది చేసేదాన్ని. ‘పాలు’ అన్నారు కాబట్టి ఆ మాట అమ్మది కాదు. అమ్మది కాకపోతే ఆ క్షమాపణ కూడా అమ్మది కాదు. మూడు వందల మంది ఏడ్చి ఆశీర్వదించి వెళ్ళారు. నేనేమో ఆ పరదా ఇవతలే నిలబడి ఉన్నాను.

మంగళవారం తలనొప్పని కబురు పంపి జంటకి వెళ్ళలేదు. బుధవారం తిన్నగా చీటీల సారు దగ్గరికి వెళ్ళాను.

ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసి విడదీసి రిటైరైన మనిషి. హాలు వెనక చిన్న గదిలో, గోడంతా గూళ్ళున్న చెక్క బీరువా ముందు కూర్చుంటారు. సీసా అడుగంత మందం కళ్ళజోడు. ఒక్కో చీటీ చూసి ఒక్కో గూట్లో వేస్తున్నారు. ఇంటి పనులొక గూడు, వైద్యం ఒకటి, పిల్లల చదువులొకటి.

“సారూ, ఈ చీటీలు ఎవరెవరు చూస్తారు?” అన్నాను.

“నేను చూస్తాను, పనులు పంచేవాళ్ళు చూస్తారు. ఇంకెవరమ్మా?”

“నాన్నగారు చూడరా?”

“ఆయన చూడకపోతే ఎలా? ఇంటి పెద్దకి ఎవరి కష్టమేంటో తెలియొద్దూ? బుధవారం సాయంత్రం అన్నీ నేనే చదివి వినిపిస్తాను. కళ్ళు మూసుకుని వింటారు. మధ్యమధ్యలో ఇది పక్కన పెట్టు, అది పక్కన పెట్టు అంటారు.”

“పక్కన పెట్టినవి ఏం చేస్తారు?”

“అవి గురువారానికి.”

ఈ బస్తా రేపటి బండికి అన్నట్టు చెప్పారు. మొహంలో కాస్తయినా తడబాటు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“అంటే గురువారం ఆయనకి కనబడేదంతా ఈ చీటీల్లోదేనా సారూ?”

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. చిన్నపిల్ల పిచ్చి ప్రశ్న వేస్తే చూసే చూపు.

“కనబడేది ఆయనకే కదమ్మా. ఇరవై ఏళ్ళుగా ఇవే చీటీలు నేనూ చదువుతున్నాను. మరి నాకేమీ కనబడదే?”

 ఆ మనిషి మోసగాడు కాదు. అదే నాకు ఇంకా మంట. తిట్టడానికి ఒక మొహం కావాలి కదా. మా అమ్మ గురించి వచ్చిన చీటీ ఒకసారి చూపించమన్నాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టేశారు.

“తప్పమ్మా! ఒకరి మాట ఇంకొకరికి తెలియనివ్వకూడదు. ఇక్కడి పద్ధతి తెలియదా నీకు?”

గట్టిగా నవ్వాలనిపించింది. నవ్వితే ఏడుపులోకి దిగుతానని భయపడి బయటికి వచ్చేశాను.

మర్నాడు, గురువారం, బేకరీలో ఆమె డ్యూటీ రెండింటికి అయిపోతుంది. నేను మూడున్నరకి వాళ్ళింటికి వెళ్ళాను. మూడంతస్తులు ఎక్కాలి. లిఫ్టు లేదు. ఒక్కో మెట్టు ఎక్కుతూ ఒక్కో మాట పేర్చుకున్నాను. నాకు అక్క లేదు, చెల్లి లేదు. ఏడేళ్ళుగా కడుపులో ఉన్నదంతా ఒక్క మనిషి చేతుల్లో పోశాను. ఆ చేతులే దాన్ని కాగితం మీదికెక్కించి డబ్బాలో వేశాయి. మోసం చేసిన పెద్దమనిషి కంటే ఆమె మీదే నాకు కోపం ఎక్కువగా ఉంది. ఆయన నాకు ఏమీ కాడు.

తలుపు తీసే ఉంది. అక్క కుర్చీలో కూర్చుని ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉంది. పొద్దున్నుంచీ నిలబడే పని కదా, రోజూ అంతే.

“రావే రా, అదృష్టవంతురాలా! తలనొప్పి తగ్గిందా? ఆ రోజు నీ మొహం చూసుకోలేదు నువ్వు, వెలిగిపోయిందనుకో” అంది.

నేను కూర్చోలేదు.

“చీటీలో ఏం రాశావక్కా?”

“ఏ చీటీ?”

“మా అమ్మ సంగతి రాసిన చీటీ.”

దాస్తుందనుకున్నాను. దాయలేదు.

“ఓ, అదా? నీ అవసరం రాశాను” అంది. “ఇంకేం రాస్తాను? ఏడేళ్ళుగా నా చేతులు పట్టుకుని అదే పాట పాడుతున్నావు. ఒకళ్ళకి మేస్త్రీ కావాలి, ఒకళ్ళకి మందులు కావాలి. నీకు మీ అమ్మ దగ్గర్నుంచి ఒక మాట కావాలి. అదే రాశాను. మేస్త్రీ కావాలని రాస్తే మేస్త్రీ వస్తాడు. మాట కావాలని రాస్తే మాట వచ్చింది. తప్పేముంది ఇందులో?”

“రహస్యం రాయకూడదు కదా?”

“పాలు కాగడం ఆలస్యమైతే అదొక రహస్యమా? ఎవరింట్లో జరగదే?”

అంత తేలిగ్గా అనేసింది. మెట్ల మీద పేర్చుకొచ్చిన మాటలన్నీ కూలిపోయాయి. మిగిలిందొక్కటే.

“పాలు కాదక్కా. నీళ్ళు.”

చెప్పాను. పరదా, మిషను, రెండోసారి పిలుపు, నా కసురు, అన్నీ చెప్పాను. ఏడేళ్ళ తర్వాత నిజం నోట్లోంచి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె టబ్బులోంచి కాళ్ళు తీసేసింది. గచ్చు మీద నీళ్ళు కారుతున్నా చూసుకోలేదు.

“నా మణికట్టు పట్టుకుని… నా మొహంలోకి చూస్తూ… ఇన్నేళ్ళూ అబద్ధమా?”

“అవును.”

“నాతోనా? పాలు పొంగాయన్నావు. పొయ్యి తుడిచానన్నావు. విని విని నేనెన్నిసార్లు ఏడ్చానే! నీతో పాటు నేనూ ఏడ్చానే! ఎందుకు? నాతో నిజం చెబితే నిన్ను తరిమేస్తానా?”

 ఆ రోజు నేను చెయ్యి అతుకుతున్న కోటు ఆమెదే. బేకరీ వాళ్ళిచ్చిన తెల్లకోటు, చేతులు పొట్టిగా ఉన్నాయని నా దగ్గరికి తెచ్చి మార్పించుకుంది. సాయంత్రానికల్లా కావాలంది. అది తీసుకోవడానికే వచ్చి, అది వదిలేసి, మా అమ్మ కళ్ళు మూసింది. నీ కోటు వల్లే అని ఆ మనిషి మొహాన ఎలా అంటాను? ఆ రోజు అనలేదు, ఇప్పుడూ అనలేదు.

“ఎందుకైతేనేం” అన్నాను. “అబద్ధం కాబట్టే కదా పట్టుబడింది? ఆయనకేమీ కనబడదక్కా. బుధవారం చీటీలు చదివించుకుంటారు, గురువారం మనకే అప్పజెబుతారు. చీటీల సారు నోటితో విన్నాను.”

 ఆమె నన్ను ఓదారుస్తున్నట్టు తల అడ్డంగా ఊపింది.

“నీ విషయంలో కనబడలేదేమో. నువ్వు అబద్ధం చెప్పావు. లేనిది ఆయనకి మాత్రం ఎలా కనబడుతుంది? పాపం, బాధపడుతున్నావని నీ మనసు కుదుట పడాలని అనుంటారు. మావాడు అలా కాదు. మావాణ్ణి నిజంగా చూశారు.”

రెండేళ్ళ క్రితం ఆమెను లేపిన గురువారం నేను పక్కనే ఉన్నాను. ‘మీవాడు నా పక్కన నిలబడి ఉన్నాడమ్మా. నీలం చొక్కా, తెల్ల గుండీలు. అమ్మని ఏడవొద్దని చెప్పమంటున్నాడు’ అన్నారు నాన్నగారు. ఆ రోజు నుంచీ ఆమె నిజంగానే ఏడవడం మానేసింది. తిండి సయించింది. పదేళ్ళుగా నిద్రమాత్ర మింగి పడుకునే మనిషి మాత్రలు మానేసింది.

“పోయిన రోజు వాడి ఒంటి మీద ఉన్నది ఆ చొక్కానే” అంది. “ఆయనకెవరు చెప్పారు? వాళ్ళ నాన్నకే గుర్తు లేదు. ఈ లోకంలో ఆ చొక్కా సంగతి తెలిసింది ఇద్దరికే. నాకు, నీకు.” నా చెయ్యి అందుకుంది. “నువ్వు ఎవరికీ చెప్పవు. నాకు తెలుసుగా.”



ఏటా కొడుకు పుట్టినరోజుకి ఆమె నా చేత అలాంటి చొక్కా ఒకటి కుట్టించి, ఆ వయసు పిల్లాడు ఎవరికైనా ఇస్తుంది. రెండేళ్ళ క్రితం ఆ రంగు గుడ్డ ఎక్కడా దొరకలేదు. ఇద్దరం ఊరంతా తిరిగాం. పుట్టినరోజు దగ్గరికొచ్చేసింది. ఆమె బాధ చూడలేక చీటీ రాశాను. ‘బేకరీ అక్కకి. ముప్పావు మీటరు నీలం గుడ్డ, తెల్ల గుండీలు ఐదు. పోయిన బాబు ఆ రోజు వేసుకున్న చొక్కా లాంటిది కుట్టాలి. శనివారం లోపల.’ అవసరమే రాశాను. రహస్యం రాస్తున్నానని నాకు తట్టనైనా లేదు. శుక్రవారం పొద్దున్నే గుడ్డ వచ్చింది. ఆ ముందురోజు సాయంత్రమే నాన్నగారికి బాబు కనబడ్డాడు. ఆ రెండూ పక్కపక్కనే జరిగినా నేను కలిపి చూడలేదు. ఆమె సంతోషంలో నేనూ మునిగిపోయాను.

ఇప్పుడు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. “అవునక్కా, ఎవరికి చెబుతాను” అని ఇంటికి వచ్చేస్తే ఆమె కొడుకు ఆమెకి ఉండేవాడు. కానీ నేను అక్కడికి గెలవడానికి వెళ్ళాను. నిజాయితీతో చెప్పానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ పెద్దమనిషిని పడగొట్టాలి, చేతికి అందింది విసిరాను. మధ్యలో ఎవరున్నారో చూడలేదు.

“నేనే రాశానక్కా” అన్నాను.

“ఏంటి?”

“చొక్కా సంగతి. చీటీలో నేనే రాశాను.”

నా చెయ్యి వదిలేసింది.

“అబద్ధం” అంది. “పాల కథ అల్లినదానివి, ఇదీ అల్లుతున్నావు. నీకు దక్కలేదని నాది కూడా లాగేసుకుందామనా?”

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకునేసరికి ఇంకా మొండికెత్తాను.

“ఆ గుడ్డ నా దగ్గర ఎక్కడిదనుకున్నావు? ఊళ్ళో ఎక్కడా లేదని ఇద్దరం తిరిగి తిరిగి వచ్చాం కదా? శుక్రవారం పొద్దున్న నా గుమ్మంలో దానంతటదే మొలిచిందా? చీటీ రాశాను, వచ్చింది. ముప్పావు మీటరు నీలం, తెల్ల గుండీలు ఐదు. ఐదు అని రాశాను. వచ్చినవి ఐదే. కావాలంటే సారుని అడుగు.”

ఆమె అడగలేదు. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! కుర్చీలో వెనక్కి వాలి, తడి కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని, గోడవైపు చూస్తూ ఉండిపోయింది. నేను గెలిచానని అప్పుడు నాకు అర్థమైంది. అంత పాడు గెలుపు నా జన్మలో ఇంకొకటి లేదు.

“అయితే మావాడు ఎక్కడున్నాడు?” అంది.

కోపంగా కాదు. స్కూలు వదిలేశాక బడి గేటు దగ్గర నిలబడి, పిల్లలందరూ వెళ్ళిపోయారు, మావాడింకా రాలేదేంటని ఆయాని అడిగినట్టు అడిగింది. 

“తెలియదక్కా.”

“రెండేళ్ళుగా ఆయన పక్కన ఉన్నాడనుకుంటున్నాను.”

“అక్కా, నేను…”

“మరి ఎక్కడున్నాడే?”

 మూడు వందల మందిని ఆయన ఎలా మోసం చేస్తున్నారో విడమరిచి చెప్పగలిగాను. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం నోరు పెగల్లేదు. ఆమె ఇక నా దగ్గర్నుంచి జవాబు రాదని తేల్చుకున్నట్టు లేచింది. తువ్వాలుతో కాళ్ళు ఒత్తుకుంది. టబ్బులో నీళ్ళు బాత్రూములో పారబోసి వచ్చింది. తల దువ్వుకుంది. చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?” అన్నాను.

“ఇవాళ గురువారం కదా.”

“ఇదంతా విన్నాక కూడా వెళతావా?”

“వెళ్ళకపోతే?” అంది. “ఇంకెక్కడికి పోనే? బేకరీలో వాడి ఊసెత్తితే ఓవెన్ చూసొస్తానని లేచిపోతారు. మా అన్నయ్య ఇన్నేళ్ళ తర్వాత ఇంకా ఏంటమ్మా అంటాడు. అక్కడ మూడు వందల మందికి వాడి పేరు తెలుసు. గురువారం గురువారం ఎవరో ఒకరు మీవాడు ఎలా ఉన్నాడమ్మా అని అడుగుతారు. ఉన్నాడా అని కాదు, ఎలా ఉన్నాడు అని. బాగున్నాడని చెబుతాను. ఇవాళ కూడా అడుగుతారు.”

“ఏం చెబుతావు?”

“బాగున్నాడనే చెబుతాను.”

తలుపు దగ్గర తాళం చేతిలో పట్టుకుని నేను బయటికి వచ్చేదాకా ఆగింది. మెట్ల మీద ఎండ పడుతోంది. నేనూ ఆమె వెనకే దిగబోయాను. ఏడేళ్ళుగా గురువారాలు ఇద్దరం కలిసే వెళతాం, కాళ్ళకి వేరే దారి తెలియదు.

“నువ్వు రాకు” అంది వెనక్కి తిరక్కుండా. “జంట మార్చమని నేను సారుకి చెబుతాను. నీ దగ్గర మాట నిలవదు.”

రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్ళింది. ఆ మాట ఆమెను అనాలని నేను మూడంతస్తులు ఎక్కి వచ్చాను. ఆమె నన్ను అనేసి వెళ్ళిపోయింది.